ఖాళీ కమ్రాలో నీలి రోష్నీ

నేను చేసే నౌకరీకి మన దిక్కు పేరే లేదు. ఇక్కడ ఇన్‌ఫెక్షన్ ప్రివెన్షనిస్ట్ అంటరు. నల్లగొండలో ఉన్న మా ఖాలాకు ఫోన్‌లో సమజ్ చేయించనీకి మస్తు తిప్పలు పడి, ఆఖరికి "ఒక మంచం మీది బీమారీ పక్క మంచానికి పోకుండ కావలి కాసే పని ఖాలా" అన్న. "అంటే చౌకీదార్‌వు అన్నట్టు" అన్నది. ఇంతకంటె మంచి తర్జుమా నాకు దొరకలేదు. షికాగో అంచున, బుజుర్గులు ఏండ్లకేండ్లు ఉండే ఒక నర్సింగ్ హోమ్‌కు నేను చౌకీదార్‌ని.

నర్సింగ్ హోమ్ అంటే మనకు సందు మూలమీద ఉండే చిన్న ప్రైవేటు దవాఖానా యాదికొస్తది. ఇది అది కాదు. దవాఖానాకు మనిషి నాలుగు రోజుల కోసం వస్తడు, షిఫా అయినంక ఇంటికి పోతడు. ఇక్కడికి వచ్చినవాళ్ళకు ఇదే ఇల్లు. పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు ముదిరినవాళ్ళు, తుంటి ఎముక ఇరిగి మళ్ళ లేవనివాళ్ళు, గొంతులో పెట్టిన గొట్టంతో శ్వాస తీసుకునేవాళ్ళు. పోలండ్ నానమ్మలు, మెక్సికో తాతలు, చిన్నప్పుడు మిసిసిపీ నుంచి రైలెక్కి వచ్చిన నల్లజాతి పెద్దమనుషులు, ఈ మధ్య డెవాన్ అవెన్యూ దిక్కు నుంచి మన హైదరాబాదీ బుజుర్గులు కూడ. కమ్రాకు ఇద్దరు, నడుమ ఒక పర్దా. అమెరికా మొత్తం మీద ఇసువంటి ఇండ్లు 15 వేల దాక ఉన్నయి, వాటిల్ల 12 లక్షలకు పైగ మనుషులున్నరు. బుజుర్గులు ఎక్కువ కాలం ఉండే ఇట్లాంటి చోట్ల ఏటా 10 లక్షల నుంచి 30 లక్షల దాక గట్టి ఇన్‌ఫెక్షన్లు వస్తయని, వాటితోటి 3 లక్షల 80 వేల మంది దాక చనిపోతరని సీడీసీ అనే ఇక్కడి సర్కారీ ఇదారా అందాజా.

ఇంత మందికి కావలి ఉండాలన్న కానూన్ మాత్రం మొన్న మొన్న వచ్చిందే. 2019 నవంబర్ ఆఖరు నుంచి ప్రతి నర్సింగ్ హోమ్‌లో కనీసం పార్ట్‌టైమ్‌కైనా ఒక ప్రివెన్షనిస్ట్ ఉండాలన్నరు. మూడు నెలలు తిరిగేసరికి, 2020 ఫిబ్రవరి ఆఖర్ల, సియాటిల్ పక్కన కర్క్‌లండ్ అనే ఊర్లె ఒక కేర్ హోమ్‌లో కోవిడ్ బయటపడ్డది. ఏప్రిల్‌కు మా దగ్గరికొచ్చింది. నేనప్పుడు రాత్రి డ్యూటీ నర్సును. ఆ రాత్రుల గురించి రాయాలని ఎన్నోసార్లు కూసున్న, రాయలేకపోయిన. ఈసారీ రాయను.

ఆ తర్వాత మా మేనేజ్‌మెంటుకు ఖౌఫ్ పట్టుకున్నది. ఖౌఫ్ ఉన్నకాడికి సేల్స్‌మెన్ వస్తరు. గాలి కడిగే డబ్బాలు, చేతులు లెక్కబెట్టే బిళ్ళలు, మురికిని అంకెలల్ల చూపించే మీటర్లు, తనంతట తాను తిరిగే లాంపులు. ఐదేండ్ల నుంచి నేను వీటితోటే కొట్లాడుతున్న, వీటితోటే దోస్తీ చేస్తున్న. మషీన్ అంటే నాకు నఫ్రత్ లేదు. ఏ మషీన్ మా పిల్లల చేతికి మదత్ చేస్తది, ఏది చెయ్యిని బద్నామ్ చేస్తది అన్నదే నా సవాల్. పిల్లలంటే ఎయిడ్లు. మంచం మీది మనిషిని లేపి, కడిగి, బట్ట మార్చి, ముద్ద పెట్టేది వాళ్ళు. నర్సును కాకముందు నేను కూడ ఆరేండ్లు అదే పని చేసిన.

ముందుగల్ల వచ్చింది నీలి రోష్నీ రోబో. మొహర్రంల ఎత్తిన ఆలం లెక్క నిలువుగ, ఎత్తుగ, చుట్టూ ట్యూబ్‌లైట్ల అసువంటి లాంపులు. సూటు వేసుకున్న ఒక నౌజవాన్ దాన్ని ఖాళీ కమ్రాలో నిలబెట్టి, తలుపేసి, బయటి నుంచి మీట నొక్కిండు. అద్దంలకెళ్ళి నీలి వెలుగు. అందరూ "వాహ్" అన్నరు. కంటికి కనపడే ఆ నీలం ఉత్త రంగు. పని చేసేది కనపడని వెలుగు, 254 నానోమీటర్ల అల్ట్రావయొలెట్. అది క్రిమి లోపలి డీఎన్ఏ దాక పోయి, పక్కపక్కన ఉన్న అక్షరాలను ఒకదానికొకటి అంటబెడతది. ఇగ ఆ క్రిమి తన నకలు తీసుకోలేదు. దాని ఖాన్‌దాన్ అక్కడికి ఖతం.

సైన్సు అబద్ధం కాదు, కొత్తదీ కాదు. వెలుగుతోటి చర్మానికొచ్చే క్షయను నయం చేసినందుకు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లోనే నోబెల్ ఇచ్చిండ్రు. విలియం వెల్స్, ఆయన బేగం మిల్డ్రెడ్ వెల్స్ కలిసి ఫిలడెల్ఫియా చుట్టుపక్కల బడుల్ల గోడ పైభాగాన ఇసువంటి లాంపులే పెట్టిండ్రు. 1941లో అక్కడ తట్టు లేస్తే, లాంపులున్న తరగతుల్ల పిల్లలకు తక్కువ అంటుకున్నది. ఆ తర్వాత టీకాలు, యాంటీబయాటిక్‌లు వచ్చినయి, లాంపులను అందరూ మరిచిపోయిండ్రు. ఎనభై ఏండ్ల కింది ఖయాల్‌కు చక్రాలు పెట్టి, కొత్త మాల్ అని మాకు అమ్మవట్టిండ్రు.

నేను ఆ నౌజవాన్‌తోటి తకరార్ పెట్టుకోలేదు. వెలుగు సోకితే రంగు మారే చిన్న చిన్న కార్డులు ఉంటయి, అవి నాలుగు తెప్పించిన. ఒకటి మంచం మీద, ఒకటి మంచం పక్క కడ్డీకి కింది దిక్కున, ఒకటి ఫోటో ఫ్రేమ్ వెనుక, ఒకటి బాత్రూమ్ తలుపు పిడికి లోపలి దిక్కు పెట్టిన. మషీన్ నడిచినంక చూస్తే, మంచం మీది కార్డు మంచిగ మారింది. మిగతా మూడు పెట్టినట్టే ఉన్నయి. వెలుగు సీదాగ పోతది, నీడలో ఉన్నదాన్ని ముట్టుకోదు. దూరం పెరిగిన కొద్ది బలం తగ్గుతది. మీద ఎండిన మురికి ఉంటే దాని కింది క్రిమికి అదే ఛత్రీ. అందుకే ముందు చేతితోటి తుడిచి, ఆ తర్వాత లాంపు పెట్టాలని ఆ కంపెనీ కాగితంలోనే రాసి ఉన్నది, చిన్నక్షరాలల్ల.

ఇంతకంటె పెద్ద సంగతి వేరే ఉన్నది. ఈ వెలుగు మనిషి కంటికి, చర్మానికి నుక్సాన్ చేస్తది కాబట్టి, మషీన్ నడవాలంటే కమ్రా ఖాళీగ ఉండాలె. దవాఖానాలో కమ్రా రోజూ ఖాళీ అయితది: ఒకరు ఇంటికి పోతరు, ఇంకొకరు వస్తరు, నడుమ అర్ధగంట దొరుకుతది. మా దగ్గర కమ్రా ఖాళీ అయ్యిందంటే అర్థం వేరే. అంబులెన్స్ వచ్చి తీస్కపోవాలె, లేకపోతే ఇంతెఖాల్ కావాలె. మంచానికి అంటుకుని ఉన్న ఇద్దరు బుజుర్గులను, వాళ్ళ ఆక్సిజన్ గొట్టాలతోటి, రోజుకొకసారి వరండాలకు తోలి నిలబెట్టమంటవా అని నేను ఆ నౌజవాన్‌ను అడిగిన. ఒక నానమ్మ కిటికీ అంచున మరియమ్మ బొమ్మ, మనుమల ఫోటోలు పద్నాలుగు, అల్లిన దుప్పటి, చాక్లెట్ డబ్బా పెట్టుకున్నది. అవన్నీ తీసేస్తే గాని నీడలు పోవు. అవన్నీ తీసేస్తే అది ఆమె ఇల్లు కాదు. అతను సామాన్యుడే పాపం, దవాఖానాల కోసం తయారైన జవాబులు తెచ్చుకున్నడు.

లాంపులు బేకార్ అని నేను అనను. మా డైనింగ్ హాల్‌లో, టీవీ కమ్రాలో వాటికి జాగా ఉన్నది. అక్కడ నలభై మంది ఒక్క గాలి పీలుస్తరు. కప్పుకు దగ్గర గాలినే కడిగే లాంపులు ఉన్నయి, కింద మనిషి కూసుని చాయ్ తాగుతుండంగనే అవి పని చేస్తయి. 222 నానోమీటర్ల కొత్త లాంపులూ వచ్చినయి. ఆ వెలుగు మన చర్మం మీది చనిపోయిన పొరలోనే ఆగిపోతది. ఆస్ట్రేలియాలో, సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో 4 కేర్ హోమ్‌లల్ల 2021 నుంచి 2023 దాక క్రిములను చంపే లాంపులతోటి పెద్ద ఇమ్తెహాన్ చేసిండ్రు. అందరూ కలిసి కూసునే చోట్లల్ల పెట్టి, కొన్నాళ్ళు వెలిగించి, కొన్నాళ్ళు ఆర్పి, దగ్గు-జలుబు-జ్వరాల లెక్క తీసిండ్రు. 2025లో నతీజా అచ్చయింది. వాళ్ళు ముందుగ పెట్టుకున్న ముఖ్యమైన లెక్కలో ఫరక్ పక్కాగ తేలలేదు. వారం వారం లెక్కను వేరే తరీఖాలో చూస్తే 12 శాతం దాక తగ్గినట్టు కనపడ్డది. సేల్స్‌మన్‌కు చాలని అంకె అది. కానీ ముసలి ఒంటికి ఒక్క ఫ్లూ అంటే ఏందో చూసినదాన్ని కనుక, ఎవరి చేతికీ కొత్త పని పెట్టకుండ పది పన్నెండు శాతం వస్తదంటే నేను తీసుకుంట. కప్పు లాంపుల కోసం నేనే దర్ఖాస్త్ రాసిన.

రెండో మషీన్ తోటి నాకు అసలు జంగ్ అయ్యింది.

అది మెడలో వేసుకునే బిళ్ళ. మన హైదరాబాదీ ఎయిడ్లు దానికి తావీజ్ అని పేరు పెట్టిండ్రు. తలుపు పక్కన ఉన్న శానిటైజర్ డబ్బా కింద చెయ్యి పెడితే బిళ్ళ పచ్చగ వెలుగుతది. చెయ్యి సాఫ్ చేసుకోకుండ మంచం దగ్గరికి పోతే ఎర్రగ అయితది. అంతా కంప్యూటర్‌కు పోతది. ఎవరు ఎన్నిసార్లు, ఏ కమ్రాలో, ఎన్ని గంటలకు. దీంట్ల మంచి లేకపోలేదు. నేను కాగితం పట్టుకుని వరండాలో నిలబడి లెక్క రాస్తే అందరూ చేతులు కడుగుతరు. నేను పోంగనే మామూలే. బిళ్ళ మాత్రం అర్ధరాత్రి కూడ మేలుకొని ఉంటది. రాత్రి 3 గంటల కాడ, మనిషి తక్కువ ఉన్నప్పుడు, చేతులు కడిగేది సగానికి పడిపోతదని నాకు తెలిసింది దానివల్లనే. ఆ సంగతి చూపించి రాత్రికి ఒక మనిషిని ఎక్కువ అడిగిన. ఇయ్యలేదు, గానీ అడగనీకి చేతిలో సబూత్ అయితే ఉండె.

మూడు నెలలకు అడ్మినిస్ట్రేటర్ సాబ్ నన్ను పిలిచి, అందరికంటె తక్కువ ఉన్న ఐదుగురి పేర్లు కావాలన్నడు. వార్నింగ్ లెటర్లు ఇస్తడట. మూడు లెటర్లయితే నౌకరీ పోతది. పేర్లు తీస్తే కింది నుంచి రెండోది మా ఆపా. 58 ఏండ్లు, పాతబస్తీ నుంచి వచ్చి పందొమ్మిదేండ్లు అయ్యింది, అండ్ల పదకొండేండ్లు ఈ ఇంట్లనే ఖిద్మత్. వచ్చిన కొత్తల ఆమె దగ్గరనే నేను పని నేర్చుకున్న. బుజుర్గులకు జ్వరం యువకులకు వచ్చినట్టు రాదు. లోపల ఇన్‌ఫెక్షన్ మండుతున్నా థర్మామీటర్ ఊకనే ఉంటది. ముందు తెలిసేది మాటల తడబాటు, ముద్ద పక్కకు పెట్టుడు, పొద్దంత నిద్ర. ఇది పుస్తకంలో ఉన్నది, నేను చదివిన. ఆపా చదవలేదు. "ఇయ్యాల ఆమె నా మొకం దిక్కు చూడలే బేటీ, మూత్రం టెస్ట్ రాయించు" అంటది. అట్ల ఆమె చెప్పంగ రాయించిన టెస్టులు ఎన్నో లెక్క లేదు. ఆ మనిషి పేరు చేతులు కడగనివాళ్ళ లిస్టులో ఉన్నది.

నాకు యకీన్ కాలేదు. తెల్లారి పొద్దున ఆరున్నరకు ఆమె వెంట నడిచిన, నాలుగు గంటలు. నా కాగితం మీద 41 సార్లు కడిగింది. బిళ్ళ హిసాబ్‌లో 13.

సంగతేందంటే, ఆ నెల ఆపాకు పడ్డ కమ్రాలల్ల ఇద్దరు సీ డిఫ్ మరీజులున్నరు. అది పేగులను పట్టి, నీళ్ళ విరేచనాలు తెప్పించే క్రిమి. దాని గింజలు ఆల్కహాల్‌కు చావవు. శానిటైజర్ పూసుకుంటే అవి చేతి మీద అట్లనే ఉంటయి. సబ్బుతోటి రుద్ది, పారే నీళ్ళకింద కడిగితేనే పోతయి. అందుకే ఆ కమ్రాలల్ల సింక్ కాడ కడగాలని నేర్పింది నేనే. బిళ్ళకు మాటలందే కన్ను ఉన్నది శానిటైజర్ డబ్బాల మీద. బాత్రూమ్ సింక్ మీద కన్ను పెట్టలే, ఎందుకంటె ప్లంబింగ్ ఖర్చు ఎక్కువైతదని కాంట్రాక్టులకెళ్ళి తీసేసిండ్రు. అంటే చెప్పిన పని చెప్పినట్టు చేసిన మనిషే లిస్టులో అందరికంటె కిందికి పోతది.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పాలె, ఎందుకంటె కొందరు గుసగుసలాడిండ్రు. ఆపాకు శానిటైజర్ అంటే మొదట్ల షక్ ఉండె. ఆల్కహాల్ పూసుకున్న చేతులతోటి నమాజ్ ఎట్ల అని. ఈ షక్ ఆమె ఒక్కదానిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చేతుల సఫాయి మీద తెచ్చిన పెద్ద మార్గదర్శకంలో మజ్‌హబ్‌ల గురించి ఒక భాగమే ఉన్నది. 2002లో మక్కాలో ఫిఖ్ కౌన్సిల్ ఆల్కహాల్ ఉన్న దవాలకు ఇచ్చిన ఇజాజత్ గురించి కూడ అండ్ల రాసిండ్రు. అది నేను ఎన్నడో ఆమెకు చదివి వినిపించిన. ఆనాటి నుంచి మిగతా కమ్రాలల్ల ఆమె డబ్బా వాడుతనే ఉన్నది. సీ డిఫ్ కమ్రాలో సబ్బు, నీళ్ళు వాడింది షక్‌తోటి కాదు, డ్యూటీ కనుక.

అడ్మినిస్ట్రేటర్ సాబ్ ముందల రెండు కాగితాలు పెట్టిన, నాదీ, బిళ్ళదీ. సింకుల మీద కన్ను పెట్టేదాక పేర్లు ఇయ్యనన్న. నా నౌకరీ కూడ ఏం పత్థర్ మీద గీత కాదు, గొంతు ఎండుకపోయింది. ఆయన చాలాసేపు చూసి, "సరే, ఇప్పటికి వరండా వారీగ ఇయ్యి, పేర్లు వద్దు" అన్నడు. వార్నింగ్‌లు ఆగినయి. పేర్ల లిస్టు మాత్రం ఆయన కంప్యూటర్‌లో ఇంకా ఉన్నది, నాకు తెలుసు. ఆపాకు ఈ కథ సగమే చెప్పిన.

మూడోది నాకు చాన పసంద్ అయిన సామాన్. కంటికి కనపడని జెల్. ముందురోజు రాత్రి పోయి, చుక్కంత ఇక్కడ, చుక్కంత అక్కడ పెట్టొస్త. మంచం కడ్డీ, కాలింగ్ బెల్, టీవీ రిమోట్, వీల్‌చైర్ చేతి దిక్కు. సఫాయి అయినంక నల్ల టార్చ్ కొడితే, తుడవని చోట చుక్క మెరుస్తది. అమెరికా దవాఖానాలల్ల ఈ తరీఖాతోటి మొదటిసారి చూసినప్పుడు, తుడవాల్సిన వస్తువులల్ల సగం కూడ తుడవలేదని తేలింది. దీని జోడీ ఇంకొకటి, ఏటీపీ మీటర్. దూదిపుల్లతోటి అద్ది లోపల పెడితే అంకె చూపిస్తది. బతికి ఉన్న, లేకపోతే ఒకప్పుడు బతికిన ప్రతిదాంట్లో ఉండే ఏటీపీ అనే పదార్థాన్ని అది పడతది. పట్టేది ఎట్లనంటె, మిణుగురు పురుగు వెలుగుకు కారణమైన రసాయనంతోటి. మురికి ఎంత ఉంటే ఆ దూది అంత వెలుగుతది. ఏ క్రిమి అన్నది చెప్పదు, అన్నం మెతుకుకైనా వెలుగుతది. అయినా మా సఫాయి అమ్మలకు అది జుగ్నూతోటి నడుస్తదని చెప్పిన రోజు ఒక్కొక్కరు వచ్చి తమ తమ చేతులు, ఫోన్లు, తాళాలు అద్ది చూసుకున్నరు. నవ్వులే నవ్వులు.

ఆ టార్చ్ చూపించినవాటిల్ల నాకు నిద్ర పట్టనియ్యంది మనిషిని లేపే మషీన్. లేవలేని బుజుర్గులను మంచం మీదికెళ్ళి కుర్చీలకు దింపే చిన్న క్రేన్. దాని హ్యాండిల్ మీద పెట్టిన చుక్క మూడు వారాలు అట్లనే మెరిసింది. ఒక్క వరండాలో ఉన్న అందరి ఒంటికీ దగ్గరగ పోయే వస్తువు. సఫాయి అమ్మలను అడిగితే, "అది మరీజ్‌ది, ఎయిడ్ల పని" అన్నరు. ఎయిడ్లను అడిగితే, "అది సామాన్, సఫాయి వాళ్ళ పని" అన్నరు. ఇద్దరి మాటా సచ్చీ మాటే, ఎవరి కాగితంలోనూ దాని పేరు లేదు. కాగితంలో పేరు రాసిన, తుడిచే కాగితాల డబ్బాను ఆ క్రేన్‌కే కట్టేసిన. వారంలో చుక్కలు పోయినయి.

అది ఆ యాడాది చేయాల్సి వచ్చింది కూడ. 2009లో జపాన్‌లో ఒక ముసలామె చెవిలో దొరికిన క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ (ఆరిస్ అంటే లాటిన్‌లో చెవి) ఇప్పుడు మా షికాగో దిక్కున నర్సింగ్ హోమ్‌లకు పెద్ద తక్లీఫ్. గొంతు గొట్టాలున్నవాళ్ళ చర్మం మీద నెలల కొద్ది ఉంటది, వాళ్ళకు ఏం కాకపోయినా పక్కవాళ్ళకు పాకుతది. మామూలు తుడిచే మందులు కొన్ని దానికి పనికిరావు, వేరే లిస్టు చూసి కొనాలె. మా దగ్గర ఒక పెద్దమనిషికి అది ఉన్నది. మునుపైతే కమ్రాలో బంద్ పెట్టేవాళ్ళు. 2024 ఏప్రిల్ నుంచి కొత్త ఖాయిదా వచ్చింది: ఆయన ఒంటికి దగ్గరగ పని చేసేటప్పుడు మేము గౌను, గ్లవ్స్ వేసుకోవాలె, ఆయన మాత్రం బయటికొచ్చి అందరితోటి కూసోవచ్చు. ఇది మషీన్ కాదు, ఉత్త కాగితం మీది ఖాయిదా. గానీ ఆయన మళ్ళ కేరమ్స్ ఆడుతుండు. గౌన్ వేసుకునే నిమిషం ఎయిడ్‌కు ఎక్కడి నుంచి వస్తదన్నది మాత్రం ఆ కాగితంలో లేదు.

ఇగ నిమిషాల లెక్కకొస్త. ఇన్నేండ్లల్ల నర్సింగ్ హోమ్‌ల ఇన్‌ఫెక్షన్ల మీద నేను చదివినవాటిల్ల నన్ను అందరికంటె ఎక్కువ కదిలించింది మషీన్ గురించి కాదు, స్నానం గురించి. దక్షిణ కాలిఫోర్నియాలో 28 నర్సింగ్ హోమ్‌లల్ల చేసిండ్రు, 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. సగం ఇండ్లల్ల మామూలు సబ్బు జాగాలో క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే ద్రవంతోటి అందరికీ స్నానం. దాంతోపాటు రెండు వారాలకొకసారి, సోమవారం నుంచి శుక్రవారం దాక, రోజుకు రెండుసార్లు ముక్కులో అయోడిన్ మందు. అంతే. ఆ ఇండ్లకెళ్ళి దవాఖానాకు తీస్కపోయే ప్రతి 100 మందిలో ముందు 63 మంది ఇన్‌ఫెక్షన్‌తోటే పోతుండె, తర్వాత అది 52కు దిగింది. మామూలు స్నానం ఉన్న ఇండ్లల్ల 62 కాడనే ఉన్నది.

మందు సస్తా. మహెంగా ఏందంటే చేతులు. మతిమరుపున్న మనిషికి స్నానం చేయించుడు అంటే ముందు ఆమెను మనసుకు తెచ్చుకోవాలె. చలి అంటది, కొడతది, ఏడుస్తది. నీళ్ళు చేతి మీద పోసి చూపించాలె, టవల్ వెచ్చగ చేయాలె, పాట పాడాలె. మెడ మడతలు, రొమ్ముల కింద, వేళ్ళ సందులు ఒకటి ఇడువకుండ రుద్దాలె. కంట్లో, చెవిలో పడొద్దు. మందును కాసేపు ఒంటి మీద ఉండనియ్యాలె. ఒక్కొక్కరికి అర్ధగంట. మా దగ్గర పగటి పూట ఒక్క ఎయిడ్‌కు 12 మంది. నువ్వే లెక్కపెట్టు.

2024లో సర్కార్ ఒక ఖాయిదా రాసింది, ప్రతి బుజుర్గుకు రోజుకు కనీసం 3.48 గంటల నర్సింగ్ చేతులు ఉండాలని. హోమ్‌ల మాలిక్‌లు అదాలత్‌కు పోయిండ్రు, 2025లో టెక్సస్‌లో ఒక జడ్జి దాన్ని కొట్టేసిండు. మనుషులు దొరకరు, పైసలు లేవు అన్నరు. అదే ఇండ్లకు రోబో లీజు కాగితాలు మాత్రం వస్తనే ఉన్నయి.

మెహదీపట్నంలో మా మామూ కొడుకు ముసలివాళ్ళ కోసం చిన్న కేర్ హోమ్ పెట్టిండు, పదహారు మంచాలు. పిల్లలు గల్ఫ్‌లో, ఇక్కడ అమెరికాలో, తల్లిదండ్రులు అక్కడ. పోయిన నెల ఫోన్ చేసి, "అక్కా, ఒక అల్ట్రావయొలెట్ మషీన్ చవుకలో వస్తుంది, తీసుకోన్నా?" అన్నడు. 2020లో మన దగ్గర ప్రతి ఆఫీసు ముందర మందు కొట్టే సొరంగాలు పెట్టింది యాదికొచ్చింది. మనుషుల మీద అట్ల కొట్టొద్దని ఆ ఏప్రిల్‌లోనే ఢిల్లీ ఆరోగ్య శాఖ చెప్పినా, ఎన్నో చోట్ల రోజులకొద్ది నడిచినయి. నీ దగ్గర ఎంత మంది ఆయాలు అని అడిగిన. పగలు ముగ్గురు, రాత్రి ఒక్కరు. "ఒక్కదానికే పదహారు మందా, రాత్రి?" "మరి తన్ఖా ఎక్కడికెళ్ళి తేవాలె అక్కా?" మషీన్ ధర, ఒక ఆయా యాడాది తన్ఖా పక్కపక్కన రాసి వాట్సాప్ చేయమన్న. పంపలేదు ఇంకా.

మా ఇంట్ల ఏమైందో చెప్పి ఆపుత. బడ్జెట్ మీటింగ్‌లో నేను రోబో వద్దు, స్నానాల కోసమే ఇద్దరు ఎయిడ్లు కావాలన్న. కాలిఫోర్నియా కాగితం కాపీలు తీసి అందరి ముందల పెట్టిన. దవాఖానాకు ఒక్క మనిషి పోతే ఆ మంచానికి మాకు రోజుకు ఎంత పోతదో కూడ లెక్క రాసిన, ఎందుకంటె ఆ కమ్రాలో ఆ జబాన్ ఒక్కటే నడుస్తది. ఆఖరికి రెండూ సగం సగం అయినయి. రోబో యాడాది లీజుకు వచ్చింది. చాదర్లు పెట్టే కమ్రా పక్కన నిలబడి ఉంటది, ఎవరన్న పోయిన తర్వాత నడుపుతం. అది నడిచినప్పుడల్ల వరండాలోనివాళ్ళు తలుపు సందులకెళ్ళి నీలి రంగు చూసి, ఎవరని అడుగుతరు. స్నానాలకు ఒక్క మనిషే వచ్చింది. ఘానా అమ్మాయి, మస్తు ఓపిక. ఆమెకు పని నేర్పేది ఆపా.

మొన్న ఆపా నా ఆఫీసుకు వచ్చి, తావీజ్ మెడలకెళ్ళి తీసి టేబుల్ మీద పెట్టి, "బేటీ, ఈ మషీన్‌లన్నీ చూస్తవు గదా, ఆ తూర్పు వరండా సింక్‌ల నల్లా కూడ చూడు. వేడి నీళ్ళు వచ్చేసరికి నిమిషంన్నర పడ్తది. డిసెంబర్ల అరవై సార్లు మంచు నీళ్ళల్ల కడిగితే ఎవరి చేతులన్న పగుల్తయి" అన్నది. పోయి చూసిన. ఫోన్‌లో టైమర్ పెట్టిన. 1 నిమిషం 40 సెకండ్లు. ప్లంబర్ గురువారం వస్తడట.